చూసేవాళ్లే అసలు గురి

ప్రశ్న: బస్సులో పోయేవాళ్లనో, బజారులో సరుకులు కొనుక్కునేవాళ్లనో చంపితే ఉగ్రవాదులకు ఒరిగేదేమిటి?

జవాబు: చనిపోయినవాళ్లతో వాళ్లకు పగ ఉండనక్కర్లేదు. వాళ్ల గురి ఆ వార్త చూసే జనం, ఆ జనానికి జవాబు చెప్పుకోవలసిన ప్రభుత్వం. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బ్లాక్ సెప్టెంబర్ అనే పాలస్తీనా ముఠా ఇజ్రాయెల్ క్రీడాబృందాన్ని బందీలుగా పట్టుకుంది. 11 మంది ఇజ్రాయెలీలు, ఒక జర్మన్ పోలీసు ప్రాణాలు కోల్పోయారు. ముఠా విడిపించమన్న ఖైదీలను ఇజ్రాయెల్ వదల్లేదు. కానీ ఒలింపిక్స్ కోసం వచ్చిన టీవీ కెమెరాలన్నీ అటు తిరిగాయి. వాళ్లకు కావలసింది అదే.

దీనికంటే ప్రమాదకరమైన ఎత్తు ఒకటుంది: ప్రభుత్వాన్ని రెచ్చగొట్టి, అమాయకుల మీద చెయ్యి చేసుకునేలా చేయడం. ఉత్తర ఐర్లాండ్‌లో 1971 ఆగస్టు 9న విచారణ లేని నిర్బంధం మొదలుపెట్టి, మొదటి విడతలోనే 342 మందిని పట్టుకెళ్లారు. జాబితాలు పాతబడినవి. బ్రిటిష్ పాలన పోవాలని ఆయుధాలు పట్టిన ఐఆర్‌ఏ ముఠాతో సంబంధం లేనివాళ్లూ చాలామంది చిక్కారు, వందమందికి పైగా రెండు రోజుల్లోనే బయటికొచ్చారు. తర్వాతి జనవరి 30న డెర్రీ నగరంలో బ్రిటిష్ సైనికులు నిరాయుధ ప్రదర్శకులను కాల్చారు. ఆ రోజే 13 మంది చనిపోయారు. అంతవరకూ దూరంగా ఉన్న కుర్రాళ్లు ఐఆర్‌ఏలో చేరడానికి వరస కట్టారు. ఏ కరపత్రమూ అంత పని చేయలేదు.

ఎత్తు తిరగబడడమూ ఉంది. 1998 ఆగస్టు 15న ఉత్తర ఐర్లాండ్‌లోనే ఓమా పట్టణంలో పేలుడుకు ముందు ఫోన్లో హెచ్చరించారు గానీ, చోటు సరిగ్గా చెప్పలేదు. పోలీసులు జనాన్ని తరలించింది బాంబున్న వైపుకే. 29 మంది పోయారు. సొంత వర్గమే ఛీకొట్టడంతో, ఆ బాంబు పెట్టిన ఐఆర్‌ఏ చీలిక ముఠా రియల్ ఐఆర్‌ఏ కొద్ది వారాల్లోనే కాల్పుల విరమణ ప్రకటించింది.

ప్రశ్న: మత ఉగ్రవాదులు ప్రాణాలిస్తారు, రాజకీయ ఉగ్రవాదులు బేరమాడతారు అంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. ఇటలీలో రెడ్ బ్రిగేడ్స్ అనే వామపక్ష ముఠా 1978లో మాజీ ప్రధాని ఆల్డో మోరోను 55 రోజులు బంధించి, తమ ఖైదీలను వదలమని బేరం పెట్టి, చివరికి చంపేసింది. టోక్యో మెట్రోలో 1995లో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో ఏ బేరమూ పెట్టలేదు. లోకం అంతమైపోతుందని బోధించిన మత ముఠా అది. ఇంతవరకూ మీరన్నట్టే ఉంది. కానీ 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఆత్మాహుతి దాడితో చంపిన ఎల్టీటీఈది జాతి పోరాటం, మతం కాదు. అటు ఒసామా బిన్ లాడెన్ మతభాష మాట్లాడుతూనే, సౌదీ అరేబియా నుంచి అమెరికా సైన్యం వెళ్లిపోవాలన్న నికార్సైన రాజకీయ డిమాండు పెట్టాడు. అందుకే పేరుకు ముందున్న విశేషణం కాదు, ఏం అడుగుతున్నారో, ఎవరిని ఆకట్టుకోవాలనుకుంటున్నారో చూడండి.

ప్రశ్న: హంతకుడి పేరు, ఫొటో పత్రికలు వేయాలా?

జవాబు: పేరు మారుమోగించడం మాకు సమ్మతం కాదు. 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు దాడిని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి 24 గంటల్లో ఆ సంస్థ 15 లక్షల కాపీలు తొలగించవలసి వచ్చింది. అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ వాడి పేరు పలకనని పార్లమెంటులో చెప్పారు, పోయినవాళ్ల పేర్లు పలకమన్నారు.