తమ్ముడి మాటను నా నోటితో పలికిన రోజు

సొంత తమ్ముడితో ఆస్తి విషయంలో మాటలు పోయాయనీ, ఎంత వివరంగా చెప్పినా అతనికి అర్థం కావడం లేదనీ, గొడవ పెరగకుండా మీ వాదనను ఎలా వినిపించాలో చెప్పమనీ మీరు అడిగారు. మూడేళ్లపాటు నేను కూడా ఇదే ప్రశ్నను కనిపించిన ప్రతివారినీ అడిగాను. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీ వాదన మీ తమ్ముడికి ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆయన వాదన మీకు ఎంతవరకు వచ్చునో ఒకసారి చూసుకోండి.

మాది అనంతపురం జిల్లాలో తాడిపత్రి వైపు ఒక పల్లె. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి అనంతపురంలో స్థిరపడ్డాను. మా నాయన పోయిన తరువాత తొమ్మిదెకరాల పొలం ఉమ్మడిగానే ఉండిపోయింది. సేద్యం తమ్ముడు చూసుకునేవాడు. అందులో నాలుగెకరాలు చీనీ (బత్తాయి) తోట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే జిల్లాలో చీనీ తోట పెట్టడమంటే బోరును నమ్ముకోవడం, బోరును నమ్ముకోవడమంటే అప్పుకు సిద్ధపడడం. నాలుగైదేళ్లు సాకితే గాని కాపుకు రాని చెట్టు ఒక్క ఎండాకాలం నీళ్లందకపోతే కట్టెగా మారుతుంది. అందుకే ఉన్న బోరు ఎండిపోగానే రైతు ఇంకొక చోట టెంకాయతో నీటి జాడ చూపించి పాయింటు పెట్టించి, బోరు బండిని పిలిపించి, అడుగుకు ఇంత అని లెక్కగట్టే ఆ యంత్రం ముందు రాత్రంతా నిలబడతాడు. ఈ సంగతి నేను పుట్టి పెరిగిన ఊరిలోదే అయినా, పట్నంలో జీతం తీసుకుంటూ గడిపిన ఏళ్లలో దాని బరువును మరిచిపోయాను.

తమ్ముడు రెండేళ్లలో నాలుగు బోర్లు వేయించాడు. ఆ ఖర్చును ఉమ్మడి అప్పుగా లెక్కలోకి తీసుకోవాలని అతను అన్నాడు. నన్ను అడగకుండా వేసిన బోర్లకు నేను బాధ్యుణ్ణి కాననీ, ముందు పొలం పంచుకుని ఎవరి పాసుపుస్తకం వారు చేసుకుందామనీ నేను అన్నాను. వినడానికి ఇది లెక్కల తగాదాలాగే ఉంటుంది. నేను కూడా అలాగే నమ్మి, తేదీలతో సహా ఖర్చుల పట్టిక రాసి, జిరాక్సు తీయించి బంధువులకు పంచాను. కుటుంబ వాట్సాప్ గ్రూపులో మూడేసి నిమిషాల వాయిస్ మెసేజిలు పెట్టాను. ఆ అలవాటు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ చూస్తున్నాను కనుక దాని గురించి ఒక మాట చెప్పాలి. ఎదుటివాడి ముఖంలో మార్పు కనిపించదు, అతను ఆగమన్నా మనకు వినిపించదు, పైగా పదిమంది చుట్టాలు వింటున్నారు కనుక ఒకసారి అన్న మాటనుంచి వెనక్కి రావడానికి ఎవరికీ అభిమానం ఒప్పుకోదు. తగాదా నడుస్తున్న ఇంట్లో ఆ గ్రూపును కొన్నాళ్లు మూసివేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

పెద్దమనుషులు కూడా రెండుసార్లు కూర్చున్నారు. వారిమీద నాకు గౌరవం ఉన్నా, వారి పద్ధతిమీద మాత్రం కోపం ఇంకా పోలేదు. మా మాటలు సగంలో ఉండగానే ఒకాయన "సరేప్పా, చెరి సగం వేసుకోండి, ఒక కడుపున పుట్టినోళ్లు, సర్దుకోని పోవల్ల" అని లేచి టవలు దులుపుకున్నారు. సర్దుకుపోవడమన్న మాట మన ఊళ్లలో ఎంతమంది నోళ్లు మూయించిందో లెక్క లేదు. ఏం సర్దుకోవాలో పూర్తిగా వినకుండానే సర్దుకోమని చెప్పడం వల్ల తగాదా తీరదు, లోపలికి దిగబడుతుంది. ఆ రోజునుంచి తమ్ముడు నాతో ముఖాముఖి మాట్లాడడం మానేశాడు.

మా అమ్మ సంవత్సరీకం నాడు అందరూ భోజనాలు చేసి వెళ్లిన తరువాత మా మేనత్త మా ఇద్దరినీ అరుగుమీద కూర్చోమన్నది. అప్పటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. చదువుకోలేదు. తన వీధిలో కొళాయి దగ్గర బిందెల వరుస కోసం జరిగే కొట్లాటలను ఎన్నో ఏళ్లుగా తీరుస్తూ వచ్చిన మనిషి. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "చిన్నోడు చెప్తాడు. ఒరే పెద్దోడా, నువ్వు నడమ మాట్లాడొద్దు. వాడు ముగించినాక, వాడు ఏం చెప్పినాడో నువ్వు నీ నోటితో చెప్పల్ల. వాడు అవునంటేనే నీ వంతు."

తమ్ముడు నేలవైపు చూస్తూ చెప్పాడు. "నాలుగు బోర్లు వేస్తి. మూడిట్లో దుమ్మే వచ్చె. తోట ఎండిపోతాంటే చూస్తా ఉండలేకపోతి."

నేను వెంటనే అందుకున్నాను. "వీడు నన్ను అడక్కుండా నాలుగు బోర్లు వేసి, ఆ అప్పులో సగం నన్ను కట్టమంటున్నాడు."

"అప్పు మాట నేనిప్పుడు ఎత్తినానా అత్తా?" అన్నాడు తమ్ముడు.

"ఎత్తలేదు. పెద్దోడా, మళ్లీ చెప్పు."

ఈసారి జాగ్రత్తగానే మొదలుపెట్టాను. "తోట ఎండిపోతోందని బోర్లు వేశానంటున్నాడు, కానీ" అనగానే అత్త చెయ్యెత్తింది. "కానీ అన్యావంటే అది నీ మాట. వాని మాటలో కానీ లేదు."

పిల్లలకు ప్రతిపదార్థాలు చెప్పి, ఒక్క పదం తప్పినా మార్కులు కోసిన నేను, నా తమ్ముడు చెప్పిన మూడు చిన్న వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు తిరిగి చెప్పలేకపోయాను. చెవిటితనం నాకు లేదు. అతను నోరు తెరిచినప్పటినుంచీ నా జవాబును నేను లోపల కూర్చుకుంటూ ఉన్నాను, అంతే. మూడోసారి అతని వైపు తిరిగి, "నాలుగు బోర్లు వేశావు. మూడింటిలో దుమ్మే వచ్చింది. తోట ఎండిపోతుంటే చూస్తూ ఉండలేకపోయావు" అన్నాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అవును" అన్నాడు. మూడేళ్లలో నా మాటకు అతను అవునన్నది అదే మొదటిసారి.

అసలు సంగతి ఆ తరువాతే బయటికి వచ్చింది. ఎవరూ అడగకుండానే అతను చెప్పుకుపోయాడు. "మూడో బోరు వేసిన రాత్రి నీకు ఫోను చేస్తి. రెండు గంటలైంటుంది. ఆరునూర్ల అడుగులు దాటినా బూడిద మాదిరి దుమ్మే లేస్తాండె. బండాయన ఇంగో నూరు పోదామా అని అడుగుతాండాడు. నాకు దిక్కు తోచలే. పోవల్లనా, ఆపల్లనా అని నిన్ను అడగాలని ఫోను చేస్తి. నువ్వు ఏమంటివో తెల్సునా? ముందే చెప్పినా కదా అని పెట్టేస్తివి."

నిజం చెప్పాలంటే ఆ ఫోను నాకు గుర్తులేదు. నిద్రమత్తులో అన్న మాట అది. కానీ నియమం ప్రకారం ఆ మాటను కూడా నేనే తిరిగి చెప్పవలసి వచ్చింది. "ఆ రాత్రి ఇంకో నూరడుగులు పోవాలా, ఆపాలా అని నన్ను అడిగావు. ముందే చెప్పాను కదా అని నేను ఫోను పెట్టేశాను." దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో, ఆగని యంత్రం పక్కన, చెవికి ఫోను ఆనించుకుని నిలబడిన నా తమ్ముడు నాకు అప్పుడు కనిపించాడు. మూడేళ్లపాటు పట్టికలో నేను చూపిస్తూ వచ్చిన మూడో బోరు ఖర్చు అనే గడిలో ఆ మనిషి లేడు.

తరువాత నా వంతు వచ్చింది. నాయన నాటిన చింతచెట్టును కొట్టించినప్పుడు నాకు ఒక్క మాట చెప్పలేదనీ, ఆ రోజునుంచి ఆ ఇంట్లో నేను చుట్టాన్ని అయిపోయాననీ చెప్పాను. తమ్ముడు కూడా మొదటిసారి తప్పుగానే చెప్పాడు. చెట్టు అమ్మిన డబ్బులో నాకు భాగం కావాలట అన్నాడు. అత్త అతనిచేత కూడా మళ్లీ చెప్పించింది. ఆ చెట్టు కట్టెను అమ్మిన డబ్బు బోరు బండికే పోయిందని అప్పుడు తెలిసింది.

ఆ రోజు అప్పు తీరలేదు, పొలం పంచుకోలేదు. అందుకు ఇంకా నాలుగు నెలలు పట్టింది. చివరికి మూడో బోరు ఖర్చు మొత్తం నేను పెట్టుకున్నాను, మిగిలిన మూడూ అతను పెట్టుకున్నాడు. తోట ఉన్న వైపు అతని భాగానికి వచ్చింది, భాగపరిష్కారం రిజిస్టరు చేయించుకున్నాము. లెక్క వేసి చూస్తే నాకు కొంత తక్కువే వచ్చింది. నా భార్య ఇప్పటికీ ఆ మాట అంటుంది, ఆమె అనడంలో తప్పు లేదు.

ఈ పద్ధతి మా అత్త ఒక్కతిదే కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. కార్ల్ రోజర్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల తొలి సంవత్సరాలలోనే దాదాపు ఇదే నియమాన్ని ప్రతిపాదించాడు. వాదనలో ఉన్న ఇద్దరిలో ఎవరైనా సరే, ముందు మాట్లాడినవారి ఆలోచననూ భావాన్నీ వారు ఒప్పుకునేంత సరిగ్గా తిరిగి చెప్పిన తరువాతే తన మాట మొదలుపెట్టాలన్నాడు. చెప్పినంత తేలిక కాదనీ, దానికి ధైర్యం కావాలనీ, నిజంగా వింటే మనమే మారిపోయే ప్రమాదం ఉంటుందనీ ఆయన హెచ్చరించాడు. అరుగుమీద నేను పడిన ఇబ్బంది సరిగ్గా అదే. తిరిగి చెప్పడమంటే ఒప్పుకోవడమని నేను భయపడ్డాను. అతని మాటను నా నోటితో పలికితే నా భాగం తగ్గిపోతుందనిపించింది. అది పొరపాటు. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. బోర్లు అడగకుండా వేయడం తప్పేనని నేను ఈనాటికీ అంటాను. కానీ ఆ మాటను తమ్ముడు నాతో తగాదా పడకుండా వినగలుగుతున్నాడు.

మా ఊళ్లలో రాయబారం నాటకం ఆడితే కృష్ణుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టనివారు ఉండరు. ఆ వాగ్ధాటిని నేనూ తరగతిలో ఎన్నోసార్లు పొగిడాను. అయితే హస్తినకు బయలుదేరే ముందు ఆయన పాండవులలో ఒక్కొక్కరి మాటనూ విన్నాడు, ద్రౌపది దుఃఖాన్నీ విన్నాడు. ఆ ఘట్టాన్ని మనం తొందరగా దాటేసి సభలోకి పోతాము. మాటకారితనం నేర్పే శిక్షణ తరగతులు ఇప్పుడు ప్రతి పట్నంలోనూ ఉన్నాయి. వినడం నేర్పే తరగతి ఒక్కటి కూడా నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఒక విషయంలో మాత్రం నన్ను అపార్థం చేసుకోవద్దు. చెయ్యిచేసుకునే భర్త ఎదుట ఆడపిల్లను కూర్చోబెట్టి, ఆయన బాధ కూడా వినమ్మా అని చెప్పే పంచాయితీలను నేను చూశాను. అది వినడం పేరుతో చేసే అన్యాయం. అక్కడ ముందు కావలసింది రక్షణ. అందుకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మహిళల సహాయం కోసం 181 నంబరు ఉంది. భయం ఉన్న చోట ఇద్దరూ సమానంగా మాట్లాడలేరు, కాబట్టి నేను చెప్పేది అక్కడ వర్తించదు.

మీ తగాదా ఇప్పటికే కోర్టు దాకా పోయి ఉంటే లోక్ అదాలత్‌ను తేలికగా తీసుకోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం అక్కడ కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు, పెండింగు కేసు అక్కడ తీరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అప్పీలు లేదు కాబట్టే, సంతకం పెట్టేలోపల ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిగా విని ఉండాలి. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం కూడా మధ్యవర్తికి తన పరిష్కారాన్ని ఎవరిమీదా రుద్దే అధికారం ఇవ్వలేదు. టవలు దులుపుకుని లేచే పెద్దమనుషులకు ఈ ఒక్క ముక్క ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

మీరు చేయవలసింది నా ఉద్దేశంలో ఇది. మీ తమ్ముడి ఇంటికి మీరే వెళ్లండి. పండుగకో పెళ్లికో కలిసినప్పుడు కదిలించవద్దు, పదిమందిలో ఎవరైనా పరువుకోసమే మాట్లాడతారు. ఖర్చుల కాగితాలు ఇంట్లోనే వదిలి వెళ్లండి. మీ ఇద్దరిమీదా సమానమైన చనువు ఉన్న ఒక పెద్ద మనిషిని, వీలైతే ఆ ఆస్తితో ఏ సంబంధమూ లేని ఒక ఆడమనిషిని దగ్గర ఉండమనండి. "ఇన్నేళ్లలో నేను చేసినదాంట్లో నీకు బాగా తగిలింది ఏది?" అని ఒక్కటే అడిగి, వచ్చిన జవాబును అతను అవుననేవరకు తిరిగి చెప్పండి. ఆ జవాబులో పొలం పేరు రాకపోవచ్చు. ఎప్పుడో అన్న మాటో, ఆసుపత్రికి రాకపోవడమో, పిలుపులో జరిగిన లోటో రావచ్చు. మీకు గుర్తులేని విషయమే వస్తే నేను అలా అనలేదని కొట్టిపారేయవద్దు. మొదటిసారి తప్పుగా చెబుతారు, రెండోసారీ చెబుతారు, కూర్చునే ఉండండి.

పోయిన ఎండాకాలంలో తమ్ముడి నాలుగో బోరు కూడా తగ్గిపోయింది. ఒక రాత్రి పదకొండు దాటిన తరువాత ఫోను చేశాడు. వెనక బోరు బండి శబ్దం వినిపిస్తోంది. "ఎన్ని అడుగులు పోయింది?" అని అడిగాను. ఐదునూర్ల ఇరవై అన్నాడు. "ఏం వస్తాంది?" అన్నాను. కొంచెం తేమ మాదిరి ఉందన్నాడు. ఫోను పెట్టవద్దని చెప్పి, మంచంమీదనుంచి లేచి మిద్దెమీదికి వెళ్లి కూర్చున్నాను. ఇంకో గంటసేపు అతను అడుగుల లెక్క చెబుతూ ఉన్నాడు, నేను ఆ అంకెలను అతనికి తిరిగి చెబుతూ ఉన్నాను.