నెవాడా క్లెయిమ్ రికార్డులు చూడటం నేర్చుకోవడానికి 80 వేలు కట్టాలా?

ప్రశ్న: మాది గుంతకల్లు. మా అమ్మాయి ఎమ్మెస్సీ జియాలజీ పూర్తి చేసింది. అమెరికాలో రీనోలోని నెవాడా యూనివర్సిటీలో ఎం.ఎస్.కు సీటొచ్చింది, ఆగస్టులో ప్రయాణం. అక్కడి ఖనిజాన్వేషణ కంపెనీల్లో 'మైనింగ్ క్లెయిమ్ రీసెర్చ్' వచ్చినవాళ్లకి గిరాకీ ఉందని, వెళ్లేలోపు ఆన్‌లైన్ కోర్సు చేస్తానంటోంది. 80 వేలు అడుగుతున్నారు. మావైపు తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు కదా, ఇంత చదివించి పిల్లని అదే పనికి పంపుతున్నామా అని వాళ్లమ్మ బెంగ. తన పేరు మీదే ఒక క్లెయిమ్ కూడా వేసుకోవచ్చని ఆ కోర్సువాళ్లు అమ్మాయికి చెప్పారట. ఇందులో నిజమెంత?

జవాబు: ముందు డబ్బు సంగతి. కట్టకండి. మీరు జతచేసిన సిలబస్ చూశాను. అందులో పాఠాలుగా చూపించినవన్నీ అమెరికా ప్రభుత్వ సంస్థలు ఊరికే అందరికీ తెరిచి పెట్టిన వెబ్‌సైట్లు. చాలావాటికి లాగిన్ కూడా అక్కర్లేదు, గుంతకల్లులో మీ ఇంట్లో కూర్చుని ఈ రాత్రే తెరవచ్చు. రికార్డు దొరకడం పెద్ద పని కాదు. ఒక రికార్డు చెప్పేదానికీ ఇంకో రికార్డు చెప్పేదానికీ ఎక్కడ పొత్తు కుదరడం లేదో పట్టుకోవడం పని. కంపెనీలు జీతమిచ్చేది దానికి. అది కోర్సు వీడియోలు చూస్తే రాదు, ఒక చెక్క నేల తీసుకుని నాలుగు రోజులు తల పగలగొట్టుకుంటే వస్తుంది.

ఇక మీ ఇంట్లోవారి బెంగ. వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వానాకాలం వెతికేవాళ్లకి రాయి దొరికితే దాని మీద చట్టం ఇచ్చే హక్కేమీ లేదు, గుట్టుగా వ్యాపారికి అమ్ముకోవడమే. అమెరికా పడమటి రాష్ట్రాల్లో లెక్క వేరు. 1872 నాటి మైనింగ్ చట్టం ఇప్పటికీ నడుస్తోంది. ఫెడరల్ ప్రభుత్వ (కేంద్ర ప్రభుత్వ) నేల మీద, క్లెయిములకి మూసివేయని చోట, బంగారం, వెండి, రాగి లాంటి ఖనిజం కనుగొన్నవాడు గుంజలు పాతి, కాగితం రాసి దాఖలు చేస్తే తవ్వుకునే హక్కు అతనిది. నేల మాత్రం సర్కారుదే. రాతిలో సిరగా ఉన్న ఖనిజానికి వేసేది లోడ్ క్లెయిమ్. గరిష్ఠంగా 1,500 అడుగుల పొడవు, 600 అడుగుల వెడల్పు, అంటే 20 ఎకరాల పైచిలుకు. వాగు ఇసుకలో, కంకరలో దొరికేదానికి ప్లేసర్ క్లెయిమ్, మనిషికి 20 ఎకరాలు. నెవాడాలో నూటికి 80 వంతుల నేల ఫెడరల్ ప్రభుత్వానిదే. పైగా 1961లో కార్లిన్ దగ్గర కంటికి ఆనని బంగారం బయటపడ్డాక అక్కడ అన్వేషణ ఆగిందే లేదు. కాబట్టి డ్రిల్లింగుకి డబ్బు పెట్టే ప్రతి కంపెనీకీ ముందు ఒకే ప్రశ్న: ఈ నేల ఖాళీయేనా, మనకంటే ముందు ఎవరైనా గుంజ పాతారా?

మనవైపు పొలం కొనేవాడు ఏం చేస్తాడు? ఈసీ తీయిస్తాడు, లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు, అడంగల్, 1బీ చూస్తాడు, ఎఫ్ఎంబీ పట్టుకుని సర్వేయరుతో గట్ల వెంట తిరుగుతాడు. మీ అమ్మాయి నేర్చుకుంటానంటున్నది అచ్చంగా ఇదే, నేల మాత్రం నెవాడాది. మీరు ఎప్పుడైనా పొలం కాగితాల కోసం తిరిగి ఉంటే అమ్మాయికి మొదటి పాఠం మీరే చెప్పగలరు, నిజంగానే అంటున్నాను.

ఎలా ఉంటుందో ఒక పూట పనిగా చూపిస్తాను. అక్కడి నేలకి సర్వే నంబరు బదులు 'టౌన్‌షిప్ 35 నార్త్, రేంజ్ 50 ఈస్ట్, మౌంట్ డయాబ్లో మెరిడియన్' అని రాస్తారు. మౌంట్ డయాబ్లో కాలిఫోర్నియాలో ఒక కొండ, నెవాడా కొలతలు కూడా అక్కడినుంచే. ఒక టౌన్‌షిప్ ఆరు మైళ్లకి ఆరు మైళ్లు. అందులో 36 సెక్షన్లు, ఒక్కొక్కటి చదరపు మైలు, 640 ఎకరాలు. నంబర్లు ఈశాన్యం మూల 1తో మొదలై పడమటికి 6 దాకా వెళ్తాయి. కింద 7 నుంచి మళ్లీ తూర్పుకి తిరుగుతాయి. చాలు చివర అరక తిప్పినట్టు అనుకుంటే మళ్లీ మరిచిపోరు. ఇది తెలియనివాడు మొదటి రోజే పక్క సెక్షన్ రికార్డు తీసి కూర్చుంటాడు.

ఒక సెక్షన్ ఎంచుకున్నాక ముందు తెరవాల్సింది జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డులు, అందరూ జీఎల్ఓ రికార్డులు అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో సర్వేయర్లు చేత్తో గీసిన పటాల స్కాన్లు, ప్రభుత్వం ఎవరికి పట్టా ఇచ్చిందో ఆ కాగితాల బొమ్మలు ఉంటాయి. ఉత్తర నెవాడాలో సెక్షన్ నంబరు బేసి అయితే నేను మొదట అనుమానించేది రైల్వేని. 1860లలో ఖండం దాటే రైలు మార్గం వేయడానికి ఆ దారికి అటూ ఇటూ బేసి సెక్షన్లు రైల్వే కంపెనీకి ధారపోశారు. మ్యాపులో రంగులేస్తే చదరంగం పలకలా కనిపిస్తుంది. అలా ప్రైవేటు చేతిలోకి వెళ్లిన గడిలో క్లెయిమ్ వేయడానికి వీల్లేదు. ఇంకో మెలిక, 1916 చట్టం కింద పశువుల మేతకి ఇచ్చిన పట్టాలు. నేల రైతుదే, కింది ఖనిజం మాత్రం ప్రభుత్వం తనకే అట్టిపెట్టుకుంది. ఆ సంగతి పట్టాలో ఒక్క వాక్యంలో ఉంటుంది. పేరు చూసి కాగితం మూసేసేవాడికి అది కనబడదు.

తర్వాత బీఎల్ఎం, అంటే ఫెడరల్ నేలల్ని చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి ఎంఎల్ఆర్ఎస్, క్లెయిముల ఆన్‌లైన్ రికార్డు. 2021లో ఎల్ఆర్ 2000 అనే పాత వ్యవస్థ స్థానంలో వచ్చింది. సెక్షన్ వివరంతోగానీ, క్లెయిమ్‌దారు పేరుతోగానీ, సీరియల్ నంబరుతోగానీ వెతకొచ్చు. నెవాడా నంబర్లు ఇప్పుడు ఎన్‌వీ అనే అక్షరాలతో మొదలవుతాయి. పాత నివేదికల్లో ఎన్ఎంసీ అని ఉంటుంది, రెండూ ఒకే క్లెయిమ్‌వి కావచ్చు. వాటిని జతపరచడం కూడా ఈ పనిలో భాగమే.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్లెయిమ్ ఏ క్వార్టర్ సెక్షన్‌లో ఉందో, అంటే ఏ 160 ఎకరాల ముక్కలో ఉందో అంతవరకే బీఎల్ఎం ఆన్‌లైన్ రికార్డు చెబుతుంది. ఆ ముక్కలో ఏ మూలనో చెప్పదు. పైగా స్టేటస్‌లో 'యాక్టివ్' అని ఉంటే కాగితాలు అందాయి, ఫీజు కట్టారు అనే అర్థం. అక్కడ ఖనిజం ఉందని గానీ, పక్కవాడి క్లెయిమ్ మీదికి ఎక్కలేదని గానీ బీఎల్ఎం పూచీపడదు. ఒకే నేల మీద ఇద్దరి క్లెయిములూ యాక్టివ్‌గా కనిపించడం వింతేమీ కాదు. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి ఇంటర్న్‌షిప్ కోసం ఎంతో అందంగా మ్యాపు చేసుకొచ్చాడు, ఒక కొండవాలు మొత్తం 'ఖాళీ' అని ఆకుపచ్చ రంగేశాడు. కౌంటీ కాగితాలు చూశావా నాయనా అంటే తెల్లమొహం వేశాడు.

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. దాని కాగితాలంటే ఇవీ. క్లెయిమ్ వేసినవాడు రెండుచోట్ల దాఖలు చేయాలి. ఒకటి కౌంటీ రికార్డర్ ఆఫీసు, మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు లాంటిది. రెండోది బీఎల్ఎం. 1976 చట్టం వచ్చాక ఈ రెండోది తప్పనిసరైంది. వేసిన 90 రోజుల్లోగా బీఎల్ఎంకి చేరకపోతే ఆ క్లెయిమ్ చెల్లదు. రిజిస్ట్రేషన్ అయి మ్యుటేషన్ కాని పొలాల గొడవలు చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. గుంజలు ఎక్కడ పాతారు, ఏ తేదీన పాతారు, కొలతల పటం, తర్వాత ఎవరికి అమ్మారు, ఇవన్నీ కౌంటీ కాగితాల్లో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లో పేరు వెతకడం చాలా కౌంటీల్లో ఉచితమే, కాగితం కాపీకి కొన్నిచోట్ల రుసుము అడుగుతారు.

ఆ పైన నేల మీదికి వెళ్లడం. గుంజ ఉందా, అందులో పెట్టిన నోటీసు ఉందా అని చూడాలి. ఒకప్పుడు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు పాతేవారు. పైన మూత లేని గొట్టాల్లోకి చిన్న పిట్టలు దూరి, పైకి రాలేక చచ్చిపోయేవి, అందుకని నెవాడాలో అలాంటివి ఇప్పుడు కూడదు. పాత గొట్టం కనిపిస్తే పాత క్లెయిమేమోనని ఫీల్డులో తిరిగేవాళ్లకి స్ఫురిస్తుంది.

భూగర్భ సమాచారం గురించి పెద్దగా చెప్పను, జియాలజీ చదివిన పిల్లకి అది దారి తెలిసిన ఊరే. నెవాడా బ్యూరో ఆఫ్ మైన్స్ అండ్ జియాలజీ తను చేరబోయే యూనివర్సిటీలోనే ఉంది. పాత మైనింగ్ డిస్ట్రిక్టుల ఫైళ్లు స్కాన్ చేసి పెట్టారు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వారి టోపోవ్యూ సైటులో పాత టోపోషీట్లు (కొండలూ వాగులూ చూపే సర్వే మ్యాపులు) దించుకోవచ్చు, తర్వాతి మ్యాపుల్లో మాయమైన గోతులూ సొరంగాలూ అందులో గుర్తులతో ఉంటాయి. వాళ్లదే ఎంఆర్‌డీఎస్ అనే గనుల జాబితాని మాత్రం 2011 నుంచి క్రమం తప్పకుండా సరిచేయడం మానేశారు. దారి చూపడానికి పనికొస్తుంది, అదే ప్రమాణమని నమ్మితే చిక్కు. లాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు 2008 నుంచి ఉచితం. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూడటానికి క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అంటే 80 వేలు దేనికో నాకైతే అర్థం కాలేదు.

ఉద్యోగం మాట సూటిగా చెప్పాలి. కాగితాలు మాత్రమే చూసే ల్యాండ్‌మ్యాన్ కొలువుల మీద ఆశ పెట్టుకోవద్దని అమ్మాయితో చెప్పండి. అవి ఎక్కువగా చిన్న కంపెనీలవి, విదేశీ విద్యార్థికి వీసా స్పాన్సర్ చేసే ఓపిక వాటికి తక్కువ. బంగారం ధర పడితే ముందు ఎగిరిపోయే ఉద్యోగాలూ ఇవే. జియాలజిస్టుగానో, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) పనికో దరఖాస్తు చేసి, దానికి తోడుగా ఈ నైపుణ్యం చూపించాలి. ఒక సెక్షన్ మీద నాలుగు పేజీల నివేదిక చాలు. ఎవరి నేల, ఎన్ని క్లెయిములు, ఏవి ఎక్కడ తేడా పడ్డాయి, నాకు తేలనిదేమిటి అని రాయాలి. 'తేలనిది' అన్న భాగం రాసిన విద్యార్థినే ఇంటర్వ్యూలో మళ్లీ పిలుస్తారని నా నమ్మకం. చదువు అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు కాబట్టి మరో 24 నెలలు పనిచేసే వీలుంది. ఈ నిబంధనల మీద చర్చలు నడుస్తూనే ఉంటాయి కాబట్టి చేరాక యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కోమనండి.

రేపు తిరిగొచ్చినా ఈ పని వృథా కాదు. మన దగ్గర క్లెయిమ్ పద్ధతి లేదు, 2015 నుంచి ప్రధాన ఖనిజాల లీజులు వేలంలోనే ఇస్తున్నారు. 2023 సవరణతో బంగారం, వజ్రం, రాగి, లిథియం సహా 29 ఖనిజాలకి ప్రైవేటు వాళ్లు వెతికే లైసెన్సు వచ్చింది, అదీ వేలంలోనే. అందులో దిగేవాళ్లకి పాత సమాచారం చదివే మనుషులు కావాలి. మన భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐ వారి భూకోశ్ పోర్టల్‌లోనూ, 2023 డిసెంబరులో మొదలైన ఎన్‌జీడీఆర్ అనే భూగర్భ సమాచార పోర్టల్‌లోనూ రిజిస్టరైతే చాలు, మీ వజ్రకరూరు కింబర్లైట్లూ (వజ్రాలుండే రాళ్లు), రామగిరి బంగారు క్షేత్రం మ్యాపులూ తీసి చూడొచ్చు. వెళ్లేలోపు చేయి తిరగడానికి ఇంతకంటే మంచి పలక ఏముంటుంది, చూసిన నేల, తిరిగిన దారి.

తన పేరు మీద క్లెయిమ్ సంగతి: కుదరదు. 1872 చట్టం ప్రకారం అమెరికా పౌరులూ, పౌరులవుతామని చట్టబద్ధంగా ప్రకటించినవాళ్లూ, అక్కడి చట్టాల కింద ఏర్పడ్డ కంపెనీలూ మాత్రమే క్లెయిమ్ వేయగలరు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థికి ఆ వీలు లేదు. ఇంత ముఖ్యమైన విషయం తప్పు చెప్పినవాళ్లు మిగతా పాఠాలు ఎలా చెబుతారో మీరే ఊహించుకోండి. ఆన్‌లైన్ వేలాల్లో 'బంగారు క్లెయిమ్ అమ్మకానికి' అని కనిపించినా బంధువులెవరూ డబ్బు పంపకుండా చూడండి. ఫీజు కట్టక ఎప్పుడో రద్దయిన క్లెయిములు కూడా అక్కడ అమ్మకానికి పెట్టేవాళ్లుంటారు.

ఆ ఫీజు తేదీ మీ అమ్మాయికి బాగా కలిసొచ్చింది. ఒక్కో లోడ్ క్లెయిమ్‌కి ఏడాదికి 200 డాలర్లు, సెప్టెంబరు 1 లోపు కట్టాలి. పదికి మించి క్లెయిములు లేని చిన్నవాళ్లకి మినహాయింపుంది, వాళ్లు ఆ తేదీలోపే మినహాయింపు కాగితం దాఖలు చేసి, క్లెయిమ్ మీద ఏడాది పని చేసినట్టు కూడా కాగితం పెట్టాలి. అందుకని ఇప్పుడే ఒక సెక్షన్ ఎంచుకుని, అందులో యాక్టివ్‌గా ఉన్న క్లెయిములన్నీ నంబర్లతో ఒక ఎక్సెల్‌లో రాసిపెట్టుకోమనండి. రీనోలో దిగి, హాస్టలూ బ్యాంకు ఖాతా గొడవలు తీరాక, అక్టోబరులోనో నవంబరులోనో అవే నంబర్లు మళ్లీ తీసి చూడాలి. ఆఫీసు కాగితాలు ఎక్కడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఎన్ని 'క్లోజ్డ్' అని మారాయో, వాటి పక్కన కొత్తగా ఎవరి పేరు వచ్చిందో చూసి నాకు రాయమనండి.