పట్టాల కింద ఏముందో చూశాకే వేదిక

ప్రశ్న: మూతపడ్డ రైల్వే యార్డును కళాప్రాంగణంగా మార్చే పనిలో ఉన్నాం. పైన రెండడుగులు తవ్వి పారబోసి, కొత్త మట్టి పోసి తోట వేసేయమంటున్నారు. సరిపోతుందా?

జవాబు: పరీక్షలు కాకుండా గునపం దించకండి. యార్డు నేలంతా ఒకేలా ఉండదు. స్లీపర్లకు (పట్టాల కింది కలప దిమ్మెలకు) పట్టించిన క్రియోసోట్ అనే తారునూనె, ఇంజిన్ల నుంచి కారిన డీజిల్, కలుపు మీద చల్లిన ఆర్సెనిక్ మందులు, పల్లాలు పూడ్చిన బొగ్గు బూడిద, బాయిలర్లకు చుట్టిన ఆస్బెస్టాస్ ఒక్కోటి ఒక్కోచోట పేరుకుని ఉంటాయి. ముందు యార్డు పాత నక్షా సంపాదించండి. ఇంధనం నింపిన చోటు, బూడిద గుంటలు, రంగులు వేసిన షెడ్డు గుర్తించి అక్కడ దగ్గరదగ్గరగా నమూనాలు తీయించండి. మిగతా చోట్ల 20 మీటర్లకొకటి చొప్పున మొదలుపెట్టవచ్చు. ప్రతి గుంటలోనూ పైమట్టి, అర మీటరు, మీటరు, ఆపైన సహజమైన నేల తగిలేదాకా తీయాలి. సీసం, ఆర్సెనిక్, పెట్రోలియం నూనెలు, తారులో ఉండే పీఏహెచ్‌లు (పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే హానికర రసాయనాలు), ఆస్బెస్టాస్ నారలు తప్పనిసరిగా చూడాలి. భూగర్భ జలాన్నీ మరవద్దు.

గుడ్డిగా తవ్వితే మంచి మట్టి, చెడ్డ మట్టి కలిసిపోతాయి. అప్పుడు మొత్తాన్నీ ప్రమాదకర వ్యర్థంగా తరలించాల్సి రావచ్చు, ఖర్చు అక్కడే చెయ్యిదాటుతుంది. ఫలితాలు అనుమతిస్తే కదపకుండా కప్పడమే మేలు: పాత నేల మీద కొట్టొచ్చే రంగు జియోటెక్స్‌టైల్ గుడ్డ, దానిపై గడ్డికీ పొదలకీ సుమారు 60 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి. చెట్లకు మీటరుకు పైనే కావాలి. రేపెవరో పైపు కోసం తవ్వినా, ఆ రంగు చూసి ఆగుతారు.

పాత స్లీపర్లతో బెంచీలు చేయాలని చాలామంది ముచ్చటపడతారు. దయచేసి వద్దు. ఎండకు క్రియోసోట్ చెమర్చి ఒంటికీ బట్టలకూ అంటుతుంది. యూరోపియన్ యూనియన్‌లో పార్కులు, ఆటస్థలాల్లో ఆ కలప వాడకాన్ని నిషేధించారు.

ప్రశ్న: పెద్ద షెడ్డులో నాటకం వేస్తే మాటలు అర్థం కావడం లేదు. గోడలకు ఫోమ్ అంటిస్తే చాలా?

జవాబు: లెక్క కట్టి చూడండి. షెడ్డు పొడవు 100, వెడల్పు 20, ఎత్తు 12 మీటర్లనుకుందాం. ఘనపరిమాణం 24,000 ఘనపు మీటర్లు. శబ్దాన్ని పీల్చే శక్తి 800 చదరపు మీటర్లకు సమానమైతే, ప్రతిధ్వని నిలిచే కాలం 0.161 (ఈ లెక్కలో వాడే స్థిరాంకం) × 24,000 ÷ 800, అంటే దాదాపు 4.8 సెకన్లు. మాట స్పష్టంగా వినబడేందుకు అది 1.2 సెకన్లు దాటకూడదనుకుంటే ఇంకో 2,400 చదరపు మీటర్ల మేలిరకం పీల్చే పదార్థం కావాలి. మీ షెడ్డు నేల విస్తీర్ణమే 2,000!

అందుకే గదిలో గది కట్టడం. సిడ్నీలోని ఈవ్లీ వర్క్‌షాపుల్లో 2007లో తెరిచిన క్యారేజ్‌వర్క్స్ కళాకేంద్రంలో పాత షెడ్డు లోపల కాంక్రీటు నాటకశాలలు కట్టారు. రైళ్లు దగ్గర్లో నడుస్తుంటే ఆ లోపలి గది నేలను రబ్బరు దిమ్మెల మీద నిలపాలి. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో పాత రైలింజన్ల షెడ్డును గ్రంథాలయంగా మార్చిన లోక్‌హాల్‌లో భారీ తెరలతో చోటు విభజించారు. తెరలు ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, పక్క సభ మాటల్ని మాత్రం ఆపలేవు.

లైట్ల బరువును పాత పోత ఇనుప స్తంభాలకు తగిలించకండి. అవి నిలువు బరువును బాగా మోస్తాయి, వంపును తట్టుకోలేవు. ముందు సూచన లేకుండా పుటుక్కున విరుగుతాయి. వెల్డింగ్ చేసినచోట పగులుతాయి. లైట్లకు వేరే ఉక్కు చట్రం, దానికి సొంత పునాది ఉండాలి.

ప్రశ్న: నడకదారిలో పట్టాలు అలాగే ఉంచవచ్చా?

జవాబు: ఉంచండి, ప్రాంగణానికి గుర్తు అవే. పట్టా పక్క గాడిలో చక్రాల కుర్చీ ముందుచక్రం ఇరుక్కుంటుంది కాబట్టి, రైలు రాని చోట దాన్ని రబ్బరుతో నేలకు సమంగా నింపండి. దారి పట్టాలను నిటారుగా దాటేలా గీయండి. ఏటవాలుగా దాటితే, ముఖ్యంగా తడిలో, సైకిళ్లు జారతాయి.