‘మొత్తం మీద పరవాలేదు’ అన్న వాక్యం గురించి

చెన్నై, టి. నగర్
2021 జులై

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి వ్రాయునది.

వేళచ్చేరి నుంచి నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘ది ఫ్యామిలీ మ్యాన్’ వెబ్ సిరీస్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్ చూసిన రాత్రి నిద్ర పట్టలేదని మొదలుపెట్టి, నాలుగు పుటలు నడిపించి, ‘బాగున్నవీ ఉన్నాయి, బాగోలేనివీ ఉన్నాయి, మొత్తం మీద పరవాలేదు’ అని ముగించావు. నిద్ర పట్టనివ్వని దాన్ని ఎవరూ పరవాలేదనరు. ఆ చివరి వాక్యం నీ అనుభవంలోంచి రాలేదు, ఎవరి మనసూ నొప్పించకూడదన్న మొహమాటంలోంచి వచ్చింది. ముందు దాన్ని కొట్టివేయి.

ఇష్టమూ కోపమూ ఒకేసారి కలిగినప్పుడు వాటిని కలిపి మధ్యరకం భావం ఒకటి తయారు చేయాలని చాలామంది కొత్త రచయితలు అనుకుంటారు. వేణ్నీళ్లూ చన్నీళ్లూ కలిపితే గోరువెచ్చనవుతాయి, నిజమే. కాని మనసులో ఆ రెండూ అలా కలవవు. ఆత్మాహుతి దాడికి బయలుదేరిన తిరుగుబాటుదారు రాజీ విమానం తన లక్ష్యాన్ని చేరకముందే నాశనమైనప్పుడు నీకు కలిగిన ఊరట పూర్తి ఊరటే, మరుక్షణం ఆమె కోసం కలిగిన దుఃఖం కూడా పూర్తి దుఃఖమే. నీవు రెండింటినీ ఒకే వాక్యంలో ఇరికించి ‘కానీ’ అన్న మాటతో ముడివేశావు. అందువల్ల ఊరట దుఃఖాన్నీ, దుఃఖం ఊరటనూ పలచన చేశాయి. ఒక్కొక్కదానికి దాని పేరా దానికి ఇవ్వు. రెండూ పూర్తి బలంతో పక్కపక్కన నిలబడితే, వాటి మధ్య ఉన్న దూరాన్ని పాఠకుడే కొలుచుకుంటాడు.

ఇక ఆ సీజన్ మీద నీవు చేసిన ఫిర్యాదుల సంగతి. రాజీ చనిపోకుండా ఉండవలసిందని ఒకచోట రాశావు, కథానాయకుడు శ్రీకాంత్ భార్య సుచికి లోనావాలాలో ఏం జరిగిందో ఈసారి కూడా తేల్చలేదని మరొకచోట రాశావు. రెండింటినీ ఒకే త్రాసులో తూచావు గాని, అవి ఒక జాతికి చెందినవి కావు. మొదటిది నీ కోరిక. ఆ కోరిక పుట్టించినది కథే, సమంత నటనే. కాని ఆమెను బతికిస్తామని కథ నీకు మాట ఇవ్వలేదు. రెండోది ఆ సిరీస్ తీసినవాళ్లు పడిన బాకీ. మొదటి సీజన్‌లో ఆ ప్రశ్న వేసినవారు వాళ్లు, రెండేళ్ల పాటు దాన్ని మన మనసులో నిలిపినవారు వాళ్లు. చివరికి సుచి నోరు తెరిచి చెప్పబోతుండగా కథను ఆపేసినవారూ వాళ్లే. కథ ఇచ్చిన మాటకూ, మనం సొంతంగా అల్లుకున్న ఆశకూ తేడా తెలుసుకోవడం విమర్శ రాసేవాడికి అన్నిటికంటె అవసరమని నా నమ్మకం.

నిరీక్షణ ఆ తేడాను ఎలా చెరిపేస్తుందో గమనించావా? 2019 సెప్టెంబరులో మొదటి సీజన్ ఆగినప్పుడు శ్రీకాంత్ సహోద్యోగులు మిలింద్, జోయా విషవాయువు లీకవుతున్న రసాయన కర్మాగారంలో చిక్కుకుపోయి ఉన్నారు. 2021 ఫిబ్రవరి 12న వస్తుందన్న రెండో సీజన్ వాయిదా పడి జూన్ 4న గాని విడుదల కాలేదు. ఆ 20 నెలల్లో మనలో ప్రతివాడూ ఆ కర్మాగారంలోకి వెళ్లి ఆ ఇద్దరినీ తనకు తోచిన విధంగా రక్షించుకున్నాడు. తీరా కథ మళ్లీ మొదలయ్యేసరికి శ్రీకాంత్ గూఢచారి ఉద్యోగం మానేసి ఐటీ కంపెనీలో కూర్చున్నాడు, జోయా చక్రాల కుర్చీలో ఉంది, ఆ రాత్రి ఏం జరిగిందన్నది తర్వాతి మాటల మీద తెలియవలసి వచ్చింది. నేను కూడా నిరాశపడ్డాను. అయితే వారం తర్వాత ఆలోచిస్తే, నేను పోల్చి చూస్తున్నది నా మనసులో రాసుకున్న ఎపిసోడ్‌తోనని అర్థమైంది. ఆ దాటవేతలో ధైర్యం ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. నీవు ఒప్పుకోనవసరం లేదు.

నా చిన్నప్పుడు ఈ ఊరినుంచే తెలుగు వారపత్రికలు వెలువడేవి. సీరియల్ చివర ‘సశేషం’ అన్న మాట చూసి విసుక్కుంటూనే మరుసటి వారం కోసం కాచుకునేవాళ్లం. నాకు ఎంతో ఇష్టమైన సీరియల్ ఒకటి ‘సమాప్తం’ అన్న రోజున, ముగింపు దారుణంగా ఉందని సంపాదకులకు పెద్ద ఉత్తరం రాశాను. చాలా ఏళ్ల తర్వాత ఆ నవల పుస్తకంగా దొరికితే చదివాను. ముగింపులో ఏ లోపమూ కనిపించలేదు. ఆనాడు నన్ను బాధించినది ఇకమీదట ఆ మనుషులు వారం వారం మా ఇంటికి రారన్న సంగతి. దాన్ని గుర్తించడం చేతకాక కోపాన్నంతా రచయిత్రి మీద చూపించాను. నీ వ్యాసంలో మూడో పుట చదువుతున్నప్పుడు ఆ ఉత్తరం గుర్తుకు వచ్చింది. రిటైరైన గూఢచారి చెల్లం సార్ మళ్లీ కనిపిస్తాడో లేదో అన్న బెంగను నీవు స్క్రీన్‌ప్లే లోపంగా రాశావు. బెంగను బెంగగానే రాయి, అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

నీ వ్యాసంలో అసలు లేనిది ఒకటి ఉంది, నన్ను ఎక్కువ కలతపెట్టినది అదే. నీవు ఆ ఎపిసోడ్‌ను చెన్నైలో, లాక్‌డౌన్‌లో, తలుపులు మూసుకుని చూశావు. కథలో ప్రమాదం ముంచుకొచ్చినదీ ఈ ఊరికే. దాన్ని తీసిన రాజ్, డీకే మన తిరుపతిలో ఇంజనీరింగ్ చదివిన మిత్రులు, రాజీ మాట్లాడేది మన పక్కింటివారి భాష. శ్రీలంకలోని ఈళం తమిళులను అలా చిత్రించడం తగదని ఇక్కడ ఎన్ని అభ్యంతరాలు వచ్చాయో నీకు తెలుసు. రాష్ట్ర మంత్రి మనో తంగరాజ్ నిషేధం కోరుతూ కేంద్రానికి లేఖ రాశారు. సమంత ముఖానికి నల్లరంగు పూయడాన్ని కూడా చాలామంది తప్పుపట్టారు. మా పై అంతస్తులో ఉండే తమిళ ఉపాధ్యాయిని చివరి ఎపిసోడ్ గురించి నాతో ఒక్క మాటే అన్నారు: ‘ఆ పిల్ల కోసం కథలో ఎవరూ ఏడవలేదు.’ నేను తెలుగువాడిగా మనవాళ్ల పనితనానికి పొంగిపోతూ ఉండగా ఆ మాట వచ్చి నా సంతోషం పక్కన కూర్చుంది, ఇంకా లేవలేదు. రాజీ గాయాన్ని అంత ఓపికగా చూపిన కథ, చివర ఆమెను కూల్చవలసిన గురిగా మాత్రమే చూసిందని నాకు కూడా అనిపిస్తోంది. సబ్‌టైటిళ్లు చదవనవసరం లేకుండా ఆ తమిళం నేరుగా విన్నదానివి నీవు. ఈ రెండు భాషల నడుమ నిలబడి చూసినవారు మాత్రమే రాయగల పేరా ఒకటి నీ దగ్గర ఉంది, దాన్ని బయటికి తీయి.

ఫోన్‌లో మాట్లాడినప్పుడు, సుచి ఏదో చెప్పబోయి ఆగిన చోటును మూడుసార్లు వెనక్కి జరిపి చూశానని అన్నావు. నాలుగు పుటల్లో ఆ మాట ఎక్కడా లేదు. వ్యాసాన్ని అక్కడినుంచి మొదలుపెట్టి, మూడోసారి ఏం చూశావో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు