కాగితానికి గంజి

సందేహం: కాగితపు తయారీలో వాడే సింథటిక్ పాలిమర్ల గురించిన పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ‘సైజింగ్’ అనే మాటను ఇదివరకటి అనువాదకుడొకరు ‘పరిమాణీకరణం’ అన్నారు. అది సరైనదేనా? ‘సింథటిక్’ను ‘కృత్రిమ’ అనాలా, ‘సంశ్లేషిత’ అనాలా?

సమాధానం: సరైనది కాదు. పరిమాణమంటే కొలత, ఇక్కడ కొలిచేదేమీ లేదు. సిరా చుక్క పడగానే అద్దుడు కాగితం మీద లాగా నాలుగు వైపులా పాకిపోకుండా కాగితానికి పట్టించే పూతకూ, గుజ్జులో కలిపే మందుకూ ఇంగ్లీషులో ఆ పేరు. నేతగాళ్లు పడుగుకు చేసే పనికీ అక్కడ అదే పేరు. దానిని మనవాళ్లు తరతరాలుగా ‘గంజి పెట్టడం’ అంటూనే ఉన్నారు. ఇంట్లో ఉన్న మాటను వదిలి, నిఘంటువులో మొదట కనబడిన అర్థానికి సంస్కృతపు తొడుగు వేయడం నేటి అనువాదకులకు అలవాటైపోయింది.

శ్రీనాథుడు భీమేశ్వరపురాణ కృతిపతి బెండపూడి అన్నయమంత్రిని పొగుడుతూ, అతడు పారసీ భాషలో వ్రాస్తే ‘కన్నుల పండువై యమరు గాకితమందలి వర్ణపద్ధతుల్’ అన్నాడు. తాటాకు మీద గంటంతో గీసే కాలంలో, 15వ శతాబ్ది తొలినాళ్లలో, కాకితం మీది అక్షరాల సొగసును పట్టించుకున్న కన్ను అది. ఈ కాకితమే నేటి కాగితం, పారసీ ‘కాగజ్’ సంతతి. వర్ణపద్ధతి కన్నుల పండువ కావాలంటే సిరా పాకకూడదు గదా! అందుకే పారసీక దేశంలో కాగితానికి పిండిగంజి పూసి, ఆరిన తరువాత నున్నని రాతితో మెరుగు పెట్టేవారు; ఆ గంజిని వారు ‘ఆహార్’ అన్నారు. అన్నయమంత్రి వాడిన కాగితం ఎక్కడిదో పద్యం చెప్పదు గాని, ఆ సొగసులో గంజికి వాటా ఉందనే నా నమ్మకం. తమిళ, కన్నడ, మలయాళాలలోనూ ఉన్న ఈ ‘గంజి’ మాటే సంస్కృతంలో ‘కాంజిక’మైందని కొందరంటారు, దాని జోలికి ఇప్పుడు పోను.

గంజి పోయి పాలిమర్లు వచ్చాయి గదా అంటారేమో. కాగితం పైపూతకు వాడే స్టైరీన్-అక్రిలేట్ పాలిమరును చాలా చోట్ల ఎలా చేస్తారో చూడండి: పిండి అణువులను తెంచి పలచబరచిన గంజిని వేడిచేసి, అందులోకి స్టైరీన్, అక్రిలేట్ అనే రసాయనాలను చుక్కచుక్కగా వదులుతూ, పెరాక్సైడ్ వంటి ప్రేరకంతో అణువులను గొలుసు కట్టిస్తారు, పుట్టిన రేణువులు ముద్దకట్టకుండా కాచేది ఆ గంజే. కనుక దీనిని నిస్సంకోచంగా ‘పైగంజి’ అనవచ్చు. 1807లో జర్మనీవాడైన ఇల్లిగ్ ప్రకటించిన పద్ధతిలో పైన్ చెట్ల జిగురు నుంచి తీసే రోజిన్‌నూ పటికనూ గుజ్జులోనే కలుపుతారు. అటువంటి వాటికి ‘లోగంజి’ అందామని నాకు ఉంది గాని, పిండి లేని చోట గంజి ఏమిటని ఎవరైనా అడిగితే గట్టిగా వాదించలేను. అక్కడ ‘సైజింగ్’ అనే ఉంచినా తప్పులేదు. పాలిఅమైడ్‌కు ఎపిక్లోరోహైడ్రిన్ చేర్చి చేసే రెజిన్లను మాత్రం గంజి అనకండి. అవి నీటిని ఆపేవి కావు, తడిసినా నారల పట్టు సడలకుండా చూసేవి.

ఇక ‘కృత్రిమ’లో కల్తీ వాసన ఉంది. ‘సంశ్లేషిత’ మేలు, ‘శ్లిష్’ ధాతువుకు అంటుకొనడమని అర్థం ఉండనే ఉంది. పాలిమరును పాలిమరుగానే ఉంచండి. ‘బహ్వణుక సంకలితం’ అని వ్రాస్తే, మిల్లులో ఆ పీపా మూత తీసేవాడికి అందులో ఏముందో తెలియదు.