మేడ మీద కోయిల, ఫోన్లో హోరు

ప్రశ్న: తెల్లవారుజామున మా మేడ మీద నుంచి ఎదురింటి వేపచెట్టు మీది కోయిల కూతను ఫోన్లో రికార్డు చేస్తున్నాను. తర్వాత వింటే కూత మధ్యమధ్యలో మాయమైపోతోంది, వెనక అంతా హోరు. ఇరవై వేలు పెట్టి మంచి మైకు కొంటే సరిపోతుందా? మా దగ్గర్లోని పక్షుల చెరువు ఉప్పలపాడు వెళ్లి అక్కడి పక్షుల్ని కూడా రికార్డు చేయాలని ఉంది.
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ ఇరవై వేలు అప్పుడే ఖర్చు పెట్టకండమ్మా. ఫోన్లోని మామూలు వాయిస్ రికార్డరు మనిషి మాట కోసం తయారైంది. మాట కానిదంతా దానికి రొదే, అందుకే కూతను కూడా ఒక్కోసారి అణిచేస్తుంది. సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్ (రొదను తగ్గించేది), ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని తనంతట తానే పెంచి తగ్గించేది) ఆపెయ్యండి, ఆ వీలు లేకపోతే వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా, రికార్డు చేసే యాప్ ఒకటి వేసుకోండి. శాంప్లింగ్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 48 కిలోహెర్ట్జ్ పెడితే పిట్టలకూ, చాలా రకాల కీచురాళ్లకూ సరిపోతుంది.

ఇక హోరు. అది రోడ్డుది, ఎంత ఖరీదైన మైకు పెట్టినా దాన్నీ వింటుంది. మీరు చేయాల్సింది చెట్టుకు దగ్గరవ్వడం. దూరం సగమైతే కూత సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే నలభై మీటర్ల నుంచి పది మీటర్లకు వస్తే 12 డెసిబెల్స్, అదే సమయంలో రోడ్డు రొద మాత్రం ఉన్నంతే ఉంటుంది. పైసా ఖర్చు లేకుండా ఇంత లాభం ఇంకెక్కడా రాదు. ఎదురింటివాళ్లను అడిగి, బళ్లు మొదలుకాకముందే, ఇంకా చీకటి ఉండగానే వాళ్ల పెరట్లో నిలబడండి. ఫోను చేత్తో పట్టుకోవద్దు, వేళ్ల చప్పుడంతా ఎక్కుతుంది. మడిచిన తువ్వాలు మీద పెట్టి పక్కకు జరగండి.

పక్షి కూతల్లో మనకు తెలిసిన మొట్టమొదటి రికార్డింగు 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అనే ఎనిమిదేళ్ల పిల్లాడు చేశాడు, అదీ మన దేశపు అడవుల్లోనూ ఉండే షామా పిట్టది. పెంపుడు పిట్ట కాబట్టి దగ్గర్లోనే దొరికింది, ఎడిసన్ ఫోనోగ్రాఫు యంత్రంలోని మైనపు సిలిండరు మీద ఎక్కింది. ఆ యంత్రం కన్నా మీ ఫోను ఎంతో నయం.

ఉప్పలపాడు సంగతి వేరు. చెరువులో గూళ్ల దగ్గరికి వెళ్లకూడదు, వెళ్తే పెద్ద పక్షులు లేచిపోతాయి, గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ వదిలేసినట్టవుతుంది. పైగా అక్కడి గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ పెద్దవయ్యాక దాదాపు గొంతెత్తవు. కొంగలు ముక్కులు టకటకలాడిస్తాయి, అరుపులు మాత్రం ఎక్కువగా గూళ్లలోని పిల్లలవే, తిండి కోసం ఒకటే గోల. కాబట్టి పిల్లలున్న రోజుల్లో వెళ్లి, గట్టు మీదే కదలకుండా కూర్చోండి. కూత ప్లే చేసి పిట్టల్ని పిలిచే పని దయచేసి ఎక్కడా చేయకండి, అక్కడ అసలే వద్దు.

రికార్డింగు చివర తేదీ, టైము, ఊరు, ఏ పక్షి అనుకుంటున్నారో మీ గొంతుతోనే చెప్పేయండి. 2005 నుంచి నడుస్తున్న జెనో-కాంటో అనే ఉచిత భండారంలో మీ కూతల్ని పెట్టాలన్నా ఆ వివరాలే అడుగుతారు. గూళ్ల దగ్గరికి వెళ్లలేని ఉప్పలపాడు గట్టు మీద మాత్రం షాట్‌గన్ మైకు, అంటే ఎదురుగా ఉన్న వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే పొడుగాటి మైకు, నిజంగా పనికొస్తుంది. ఎవరిదైనా ఒక పూట అడిగి తెచ్చుకుని వాడి చూడండి, తేడా మీ చెవికి తెలిస్తేనే కొనండి.