సౌతాంప్టన్ వెళ్తున్న సింధుకి

సింధూ,

బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ కాగితాల మీద పీహెచ్‌డీకి ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పింది. వీధిలో అందరికీ చెప్పుకున్నాను, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. చలి సంగతి, తిండి సంగతి మీ అమ్మ చూసుకుంటుంది. నా టెన్షన్ వేరు.

రీడింగ్ రూములోకి పెన్ను వద్దు, పెన్సిలే. కేటలాగు ముందే చూసుకుని వెళ్లు. ఫోటోలు తీసుకోనిస్తే తీసుకో, కానీ చదవడం తర్వాత చూద్దాంలే అనుకున్నావో, అవి ఫోన్‌లోనే ఉండిపోతాయి. నీ సంగతి నాకు తెలియదూ!

మా కాలేజీలో ఒకాయన ఉండేవాడు, బాగా చదువుకున్నవాడే. ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తర్వాతి వెల్లింగ్టన్, గవర్నర్ జనరల్‌గా ఉన్న సొంత అన్న రిచర్డ్‌కు పంపిన సర్కారీ లేఖలు చదివి, అందులో అంటీముట్టని మర్యాద చూసి, అన్నదమ్ములకు పొసగలేదని అధ్యాయం మొత్తం రాసేశాడు. కౌన్సిల్ ముందు చదివే కాగితంలో అన్నయ్యా, బాగున్నావా అని రాస్తారా? ఆ రోజుల్లో ఒకే సంగతి మీద రెండు ఉత్తరాలు నడిచేవి: రికార్డుకు ఒకటి, మనసులో మాటకు ఇంకొకటి. ఈయన మొదటి రకమే చూశాడు, అదీ అచ్చులో. 1834 నుంచి గర్వుడ్ అనే సంపాదకుడు వేసిన ఆ సంపుటాలు డ్యూక్, అంటే వెల్లింగ్టన్, బతికుండగానే, ఆయన కనుసన్నల్లో వచ్చినవి. ఎవరినైనా దులిపేసిన చోట పేరు ఎత్తేసి ఖాళీ వదిలారు. నువ్వు వెళ్లేది ఆ ఖాళీల్లో ఎవరున్నారో చూడటానికే అనుకో. అచ్చు పుస్తకం చదివి చాప్టర్ రాశానని నాతో అన్నావంటే ఊరుకోను.

మరాఠాల మీద ఆర్థర్ గెలిచిన అసాయే యుద్ధం సంగతే చూడు. 1803 సెప్టెంబర్ 23న యుద్ధం, మర్నాడే అన్నకు నివేదిక. నవంబర్ 1న మాత్రం థామస్ మన్రోకు ఇంకో ఉత్తరం. అప్పుడు మన్రో మన దత్తమండలాల కలెక్టరు. కడప, అనంతపురం, బళ్లారి ఆయన చేతికిందే. యుద్ధం తెలిసినవాడివి, నీ అభిప్రాయం నా వైపు ఉండాలని ఉంది అంటూ మొదలుపెట్టి, హర్కారాలు, అంటే కబురు తెచ్చే వేగులు, బోకర్దన్ అన్నది ఊరిని కాదు, ఆ ప్రాంతాన్నంతటినీ అని, అందుకే శత్రువు ఎక్కడున్నాడో తప్పుగా తెలిసిందని చెప్పుకొచ్చాడు. గెలిచినవాడు సంజాయిషీ ఇస్తున్నాడు, చూశావా? మన్రో మొహమాటపడలేదు. తప్పంటూ ఉంటే అసలు యుద్ధానికి దిగడంలోనే ఉంది, నడిపిన తీరులో కాదు అని జవాబిచ్చాడు. ఆర్థర్ వైపే చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిసి పదిహేను వందల పైమాటే మరి.

నాకు ఇంకో భయం కూడా ఉంది. వెల్లింగ్టన్ ఇంగ్లీషు చాలా బాగుంటుందే, పొట్టి వాక్యాలు, తడబాటు లేదు. చదివేకొద్దీ అతని పక్షం అయిపోతాం. ఆ పదిహేను వందల్లో మద్రాసు సిపాయిలు ఎందరో! వాళ్లు ఇంటికి రాసుకున్న ఉత్తరం ఒక్కటైనా నా కంట పడలేదు. నీకు కనబడితే అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి.

కాగితం పట్టుకున్నప్పుడు మడతల వైపు చూడు. అప్పట్లో చాలా ఉత్తరాలకు కవరుండేది కాదు, రాసిన కాగితాన్నే మడిచి లక్క వేసేవారు. సీలు ఊడదీసినచోట చిరిగి రెండు మూడు మాటలు పోతుంటాయి. వాటిని ఊహించి రాయకు, ఖాళీ వదిలెయ్.

కళ్లజోడు రెండోది చేయించుకున్నావా? మీ అమ్మకు వారం వారం ఫోన్ చెయ్యి. నాకు మెయిల్ చాలు, డ్రాఫ్టుతో పాటు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ